పత్తి సీజన్‌కు ముందే మీ పాత ప్రోగ్రామ్‌ను పైథాన్ బీటా మీద పరీక్షించుకోవడం ఎలా

మా మేనమామకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణం ఉంది. తక్‌పట్టీల (అమ్మకం చీటీల) వివరాలు రోజూ ఎక్సెల్‌లో ఎక్కిస్తే, నెలాఖరుకు రైతువారీగా, రకంవారీగా లెక్క తీసిచ్చే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ నేనే రాసిచ్చాను. మూడు వందల లైన్లు కూడా ఉండదు. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ముంచెత్తుతుంది. పత్తి అక్టోబరులో మొదలవుతుంది. మధ్యలో దుకాణానికి కాస్త ఊపిరాడేది మే, జూన్, జులైలలోనే. పైథాన్ బీటా, అంటే కొత్త వెర్షన్‌ను విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే రూపం, వచ్చే నెలలూ అవే. ఎవరూ ముహూర్తం చూసి కలిపింది కాదు గానీ, నాకు మాత్రం బాగా కలిసొచ్చింది.

బీటా అనగానే చాలామంది కొత్త ఫీచర్లు చూద్దామని దించుకుంటారు. రెండు ఉదాహరణలు నడిపి, బాగుందనుకుని, తీసేస్తారు. అలా చూసినందువల్ల మీకు గానీ పైథాన్‌కు గానీ పెద్దగా ఒరిగేదేమీ లేదు. బీటా మీద నడపాల్సింది మీ పాత కోడ్‌నే, అందులోనూ తెలుగు డేటాతో. పైథాన్ తయారుచేసే వాళ్లు తమ పరీక్షలు తాము వేలల్లో నడుపుతారు. మామ దుకాణంలో గుమాస్తా సేవ్ చేసిన ఫైల్ మాత్రం వాళ్ల దగ్గర ఉండదు.

ఒక్క మాట ముందే చెప్తాను. కింద ఆదేశాలను ల్యాబ్‌లో పక్క సీటు వాళ్లకు నోటితో చెప్పినట్టే తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

బీటా అంటే ఎంతవరకు

పెప్ 602 అనే పత్రం ప్రకారం పైథాన్‌కు ఏటా ఒక కొత్త వెర్షన్ వస్తుంది. ఏడు నెలలు ఆల్ఫా, మూడు నెలలు బీటా, రెండు నెలలు రిలీజ్ క్యాండిడేట్ (దాదాపు విడుదలకు సిద్ధమైన రూపం). మొదటి బీటా వచ్చిందంటే కొత్త ఫీచర్ల తలుపు మూసినట్టే, ఆ తర్వాత తప్పులు దిద్దడమే పని. 3.14 విషయంలో మొదటి బీటా 2025 మే 7న, నాలుగోది జులై 8న వచ్చాయి. అసలు విడుదల అక్టోబరు 7న జరిగింది.

మీరు చెప్పే మాటకు బీటాలో విలువ ఎక్కువ, ఎందుకంటే ఇంకా మార్చడానికి వీలుంటుంది. 2024లో 3.13 కోసం గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని మెమరీని ఊడ్చేసే భాగం) పద్ధతిని మార్చారు. కొన్ని ప్రోగ్రాములు బాగా నెమ్మదించాయని ఆలస్యంగా తేలింది. చివరి గడియలో ఆ మార్పును వెనక్కి తీసుకుని, అదనంగా ఇంకో రిలీజ్ క్యాండిడేట్ వదిలి, అక్టోబరు 1న రావాల్సిన వెర్షన్‌ను 7న ఇచ్చారు. అదే మాట ఎవరైనా జూన్‌లోనే గట్టిగా చెప్పి ఉంటే అంత హడావుడి ఉండేది కాదు.

మొదటి అడుగు: ఉన్న పైథాన్ జోలికి పోకండి

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకసారి నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పైథాన్3 అనే పేరును కొత్త వెర్షన్‌కు మళ్లించాను. అప్పటికి అంతా బాగానే ఉంది. మర్నాడు టెర్మినల్ గుర్తు మీద నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. ఉబుంటులో ఆ టెర్మినల్‌ను లేపేదే ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్, దానికి కావాల్సిన మాడ్యూల్ పాత వెర్షన్ కోసం కట్టింది. సరిచేద్దామంటే టెర్మినలే లేదాయె! కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్ల తెరలోకి వెళ్లి, అక్కడ వెనక్కి మార్చుకునే సరికి తెల్లారింది.

అందుకని బీటా ఎప్పుడూ పక్కన ఉండాలి. పాతదాని స్థానంలోకి రాకూడదు. నేను వాడేది యూవీ అనే సాధనం. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ మీద ఆధారపడే హనుమకొండ హాస్టల్ పిల్లలకు ఇదే సుఖం. ముందు యూవీని తెచ్చుకోండి:

పిప్ ఇన్‌స్టాల్ యూవీ

తర్వాత బీటాను తెచ్చుకోండి, ఇక్కడ నేను చెప్పేది 3.15 బీటా గురించి:

యూవీ పైథాన్ ఇన్‌స్టాల్ 3.15

అసలు విడుదల ఇంకా రాకపోతే, అందుబాటులో ఉన్న ముందస్తు వెర్షన్‌నే అది తెస్తుంది. ఇక ప్రాజెక్టు ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి, ఆ కాపీలోకి వెళ్లి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు వరకే పైథాన్, లైబ్రరీలు విడిగా ఉండే చోటు) కట్టండి:

యూవీ వెన్వ్ హైఫన్‌హైఫన్‌పైథాన్ 3.15

కాపీలో అని నొక్కి చెప్తున్నాను. అసలు ఫోల్డర్‌లోనే చేస్తే పాత ఎన్విరాన్‌మెంట్ పోయే ప్రమాదం ఉంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన లేకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు.

ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి, పైథాన్ హైఫన్‌వీవీ అని కొట్టండి. రెండు వీలూ క్యాపిటలే. వెర్షన్ చివర బీ1, బీ2 అని కనబడాలి. కనబడకపోతే మీరు ఇంకా పాతదాని మీదే ఉన్నారు. ఇది చూసుకోకుండా అరగంట పరీక్షలు నడిపి "అన్నీ పాసయ్యాయి" అని సంబరపడ్డ రోజు నాకూ ఉంది.

విండోస్ వాళ్లు పైథాన్ సైట్‌లోని ఇన్‌స్టాలర్ కూడా వాడవచ్చు. పాత్‌కు చేర్చమంటారా అని అడిగే చోట మాత్రం టిక్ పెట్టకండి. డాకర్ వాడేవాళ్లకు ముందస్తు ఇమేజ్‌ల ట్యాగ్ 3.15-ఆర్‌సీ అని ఉంటుంది. లోపల ఉన్నది బీటా అయినా పేరు అదే, కంగారు పడకండి.

రెండో అడుగు: బీటా కంటే ముందు, ఇప్పుడున్న వెర్షన్ మీదే హెచ్చరికలు వినండి

చాలామంది దీన్ని దాటేస్తారు. ఫలానాది తీసేస్తాం అని పైథాన్ చాలాసార్లు రెండు మూడు వెర్షన్ల ముందు నుంచే చెప్తుంది. కాకపోతే ఆ హెచ్చరికలు మామూలుగా నడిపితే చాలా వరకు తెర మీదకు రావు. వాటిని బయటికి లాగాలంటే ప్రోగ్రామ్‌ను ఇలా నడపండి:

పైథాన్ హైఫన్‌ఎక్స్ డెవ్ మెయిన్‌డాట్‌పీవై

ఇక్కడ ఎక్స్ క్యాపిటల్. వచ్చిన ప్రతి డెప్రికేషన్ వార్నింగ్‌నూ ఒక కాగితం మీద రాసుకోండి.

మీరు 3.11 నుంచో 3.12 నుంచో నేరుగా 3.15కు దూకుతుంటే ఇది ఇంకా ముఖ్యం. దారిలో చాలా పోయాయి. 3.12లో డిస్ట్‌యుటిల్స్, ఇంప్ మాడ్యూళ్లు పోయాయి. 3.13లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ సహా 19 పాత మాడ్యూళ్లు ఒకేసారి పోయాయి. 3.14లో అసింక్‌ఐఓ గెట్ ఈవెంట్ లూప్ ప్రవర్తన మారింది. లూప్ లేకపోతే అంతకుముందు తనే ఒకటి తయారు చేసేది, ఇప్పుడు రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో కనిపించే చాట్ బాట్లు ఎక్కువగా ఇక్కడే పడతాయి. లినక్స్ మీద మల్టీప్రాసెసింగ్ మొదలయ్యే పద్ధతి కూడా 3.14లో ఫోర్క్ నుంచి ఫోర్క్‌సర్వర్‌కు మారింది. ఇఫ్ నేమ్ ఈక్వల్స్ మెయిన్ అనే కాపలా లైన్ రాయకుండా ఇన్నాళ్లూ లినక్స్‌లో నెట్టుకొచ్చిన కోడ్ దీంతో బోర్లా పడుతుంది.

ఇవేవీ 3.15 బీటాలో తప్పులు కావు. అందుకే ఒకేసారి దూకకుండా 3.13, 3.14, తర్వాత 3.15 అని మెట్టు మెట్టుగా నడపమంటాను. యూవీతో ఒక్కో వెర్షన్‌కు ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఏ మెట్టు మీద విరిగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మూడో అడుగు: లైబ్రరీలు

బీటాలో అందరికీ మొదట తగిలేది ఈ గోడే. పూర్తిగా పైథాన్‌లో రాసిన లైబ్రరీలు ఎక్కువగా సాఫీగా ఎక్కుతాయి. లోపల సీ కోడ్ ఉన్నవాటికి ఒక్కో పైథాన్ వెర్షన్‌కు వేరుగా కట్టిన ఫైల్ కావాలి, దాన్ని వీల్ అంటారు. బీటాకు అది చాలాసార్లు దొరకదు. దొరకనప్పుడు ఇన్‌స్టాలర్ నోరుమూసుకుని సోర్స్ తెచ్చి మీ మెషిన్ మీదే కంపైల్ చేయడం మొదలుపెడుతుంది. మే నెల మధ్యాహ్నం, హనుమకొండలో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నమ్‌పైని సోర్స్ నుంచి కంపైల్ చేయడం ఎలా ఉంటుందో నేను వర్ణించను.

దాన్ని ఆపడానికి ఒక మాట చేర్చాలి:

యూవీ పిప్ ఇన్‌స్టాల్ హైఫన్‌హైఫన్‌ఓన్లీ-బైనరీ కోలన్‌ఆల్‌కోలన్ హైఫన్‌ఆర్ రిక్వైర్‌మెంట్స్‌డాట్‌టీఎక్స్‌టీ

ఇప్పుడు వీల్ లేనిది ఏదో పేరుతో సహా చెప్పి ఆగిపోతుంది. యూవీ కట్టిన ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ విడిగా ఉండదు కాబట్టి ముందు యూవీ అని కొట్టడం మర్చిపోకండి.

వీల్ లేని లైబ్రరీ ఎదురైతే ఆ భాగాన్ని పక్కనపెట్టి మిగతా కోడ్‌ను పరీక్షించండి. మామ ప్రోగ్రామ్‌లో పాండాస్ ఉన్నది ఒక్క చోటే, నెలవారీ పట్టిక కోసం. దాన్ని కామెంట్ చేసి, మిగిలిన తొంభై శాతాన్ని మొదటి బీటా మీదే నడిపాను. తర్వాతి బీటాలకు వీల్ వచ్చిందేమో చూసుకుంటే సరిపోతుంది. ఒకవేళ మీరే ఏదైనా లైబ్రరీ రాసేవాళ్లయితే, బీటా మీద కట్టిన వీల్‌ను పైపీఐలోకి (అందరూ పైథాన్ లైబ్రరీలు దించుకునే చోటు) ఎక్కించకండి. బీటాల మధ్య లోపలి అమరిక మారవచ్చు. అది ఇక మారదని మాట ఇచ్చేది రిలీజ్ క్యాండిడేట్ దగ్గరే.

నాలుగో అడుగు: టెస్టులు లేకపోతే పాత లెక్కలే టెస్టులు

పైటెస్ట్‌తో పరీక్షలు రాసుకున్న బుద్ధిమంతులు వాటిని నడిపి ముందుకు పోవచ్చు. మిగతా మనలాంటి వాళ్ల సంగతి చూద్దాం.

పోయిన సీజన్ ఇన్‌పుట్ ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పాత వెర్షన్ మీద నడిపి వచ్చిన ఫలితాలను "పాత" అనే ఫోల్డర్‌లో, బీటా మీద వచ్చినవి "కొత్త" అనే ఫోల్డర్‌లో దాచండి. రెండింటినీ లినక్స్‌లో డిఫ్‌తో, విండోస్‌లో ఎఫ్‌సీతో పోల్చండి. ఒక్క రూపాయి తేడా వచ్చినా అక్కడ పట్టుబడుతుంది.

పోల్చే ముందు ఒక పని చేయండి. పాత వెర్షన్ మీదే రెండుసార్లు నడిపి, ఆ రెండు ఫలితాలను ముందు పోల్చి చూడండి. అక్కడే తేడాలు వస్తే, అవి ప్రతిసారీ వచ్చే గోలే తప్ప బీటా పని కాదు. నాకు అలాగే అయింది. రైతుల పేర్లను సెట్‌లో వేసి ఆ వరుసలోనే రాస్తున్నాను. సెట్‌లో స్ట్రింగ్‌ల వరుస నడిపిన ప్రతిసారీ మారవచ్చు. పైథాన్‌హ్యాష్‌సీడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు సున్నా ఇస్తే ఒక వెర్షన్ లోపల వరుస నిలుస్తుంది. నిజానికి సరైన మందు సార్టెడ్ పెట్టుకోవడం. పెట్టుకున్నాను. మామ కూడా "ఇప్పుడు పేర్లు దొరుకుతున్నయి" అన్నాడు, అంటే ఇన్నాళ్లూ వెతుక్కుంటూనే ఉన్నాడన్నమాట!

ఐదో అడుగు: తెలుగు ఫైళ్లు

3.15లో మనకు నేరుగా తగిలే మార్పు ఒకటుంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పట్టిక) ఏమిటో మీరు చెప్పకపోతే, ఇంతకాలం పైథాన్ ఆ కంప్యూటర్ అలవాటును పట్టుకునేది. లినక్స్, మ్యాక్‌లలో అది యూటీఎఫ్-8. మన దగ్గర మామూలుగా అమ్మే విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది సీపీ1252 అనే పాత పశ్చిమ యూరప్ పట్టిక. అందులో తెలుగుకు చోటే లేదు. పెప్ 686 ప్రకారం 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే డిఫాల్ట్.

ఇది ఎందుకు పెద్ద విషయమో చెప్పాలంటే మామ ఫోన్ గురించి చెప్పాలి. ప్రోగ్రామ్ ఇచ్చిన కొత్తలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, రకం జాగల అన్నీ డిగ్రీ గుర్తులు పడుతున్నయి. మిర్చికి గూడ టెంపరేచర్ చూస్తున్నవా ఏంది?"

వెళ్లి చూస్తే నిజమే. మిర్చి రకాల జాబితా నోట్‌ప్యాడ్‌లో రాసి యూటీఎఫ్-8లో సేవ్ చేశాను. అందులో అప్పటికి మూడే లైన్లు: రకం, తేజ, చపాట. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ ఈ0 (బైట్లను ఇలా హెక్స్ అంకెల్లో రాస్తారు). రెండోది బీ0 గానీ బీ1 గానీ. సీపీ1252 కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఈ0 అంటే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్ మైనస్ గుర్తు. అందుకే తెలుగు చెడినప్పుడల్లా తెర నిండా ఆ డిగ్రీలే.

తమాషా ఏమిటంటే, అదే ప్రోగ్రామ్ ఫైల్‌లోకి రాసిన లెక్క మాత్రం చక్కగా తెలుగులో ఉంది. తప్పుగా చదివింది, అదే తప్పుతో తిరిగి రాసింది, బైట్లు మళ్లీ యథాతథంగా వచ్చి కూర్చున్నాయి. కాగితం సరిగ్గానే ఉంది కదా అని నేనూ వదిలేశాను. తర్వాత ఆ జాబితాలో వండర్ హాట్ చేర్చాను. మరుక్షణం ప్రోగ్రామ్ యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అంటూ ఆగిపోయింది. 8డీ అనే బైట్‌ను చదవలేనంది. ఆ 8డీ ఎక్కడిదంటే, పొల్లుది. పొల్లు గుర్తు చివరి బైట్ 8డీ, సీపీ1252లో ఆ గడి ఖాళీ. కొమ్ము చివరి బైట్ 81, అదీ ఖాళీయే. తేజలో, చపాటలో పొల్లు లేదు, కొమ్ము లేదు, కాబట్టి బతికిపోయాయి. వండర్‌లో ర్, హాట్‌లో ట్ ఉన్నాయి. వత్తు ఉన్న ప్రతి తెలుగు మాటలోనూ పొల్లు దాగి ఉంటుంది కాబట్టి మిర్చి అని రాసినా ఇదే గతి.

అదే కోడ్, అదే విండోస్ ల్యాప్‌టాప్, 3.15 బీటా మీద ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది. తెర మీద కూడా తేజ తేజలాగే ఉంది.

కానీ వెంటనే ఇంకోటి విరిగింది. పాత బాకీల ఫైల్. అది గుమాస్తా ఎప్పుడో ఇంగ్లీషులో ఎక్కించి, ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసింది. ఒక చోట 12½ అని ఉంది. ఆ అర గుర్తు సీపీ1252లో బీడీ అనే ఒకే బైట్. పాత పైథాన్ దాన్ని హాయిగా చదివింది. యూటీఎఫ్-8లో ఏ గుర్తూ బీడీతో మొదలు కాదు, కాబట్టి 3.15 ఒప్పుకోలేదు. వర్డ్‌లోంచి కాపీ చేసిన పొడవు గీతలు, వంపు కోట్‌లు ఉన్న ఫైళ్లన్నీ ఇలాగే పడతాయి.

మీ కోడ్‌లో ఇలాంటి చోట్లు ఎక్కడున్నాయో వెతకడానికి ఒక్కొక్క లైన్ చదవక్కర్లేదు. ఇప్పుడున్న వెర్షన్ మీదే, అది 3.10 లేదా ఆ తర్వాతిది అయితే, ఇలా నడపండి:

పైథాన్ హైఫన్‌ఎక్స్ వార్న్_డిఫాల్ట్_ఎన్‌కోడింగ్ మెయిన్‌డాట్‌పీవై

ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిచిన ప్రతి లైన్‌నూ ఎన్‌కోడింగ్ వార్నింగ్ అని చూపిస్తుంది. ఒక్కోదాని దగ్గర ఆగి, ఈ ఫైల్ ఎవరు తయారు చేశారు అని అడగండి. మీ ప్రోగ్రామో నోట్‌ప్యాడో అయితే యూటీఎఫ్-8 అని రాయండి. పాత ఎక్సెల్ సీఎస్‌వీ అయితే సీపీ1252 అని రాయండి. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఎంచుకుని సేవ్ చేసింది అయితే యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి.

ఆ సిగ్ ఎందుకో తెలియక నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ఎక్సెల్ ఆ ఫైల్ మొదట్లో బీఓఎం అనే కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. ఉత్త యూటీఎఫ్-8తో చదివితే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకు అతుక్కుంటుంది. ప్రోగ్రామ్ కీఎర్రర్ ఇచ్చి 'తేదీ' లేదంటుంది. ప్రింట్ చేసి చూస్తే తేదీ కళ్లముందే ఉంటుంది! ఇలాంటప్పుడు ప్రింట్‌ను నమ్మకండి. ఆస్కీ అనే ఫంక్షన్‌లో పెట్టి చూడండి, లోపల ఉన్న ప్రతి గుర్తు నంబర్‌నూ విప్పి చూపిస్తుంది.

ఇంకో కనబడని గుర్తు జడ్‌డబ్ల్యూఎన్‌జే. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని చొప్పిస్తాయి. "వరంగల్" అని రాసి లెన్ అడిగితే 6 రావాలి: వ, ర, సున్న, గ, ల, పొల్లు. 7 వచ్చిందంటే చివర అది కూర్చుని ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే, లెక్కలో మాత్రం రెండు వేర్వేరు ఊళ్లు అవుతాయి. ఇది ఏ వెర్షన్‌లోనైనా ఇంతే. బీటా మీద నింద వేయడానికి ముందు ఇది చూసుకోండి.

ఆరో అడుగు: తప్పు ఎవరిది

విరిగినప్పుడు మొదట అనుమానించాల్సింది మన కోడ్‌నే. తర్వాత లైబ్రరీని, చివరగా పైథాన్‌ను. నేను ఈ వరుసలో చూస్తాను.

ఎన్‌కోడింగ్ గొడవ అనిపిస్తే బీటాను హైఫన్‌ఎక్స్ యూటీఎఫ్8=0 అని కలిపి నడపండి, పాత ప్రవర్తన వస్తుంది. అప్పుడు పనిచేసిందంటే అది ప్రకటించి చేసిన మార్పు, బగ్ కాదు. తిరగేసి కూడా చూడవచ్చు. పాత వెర్షన్‌ను హైఫన్‌ఎక్స్ యూటీఎఫ్8తో నడిపితే అదే ఎర్రర్ అక్కడా వస్తుంది.

ఎన్‌కోడింగ్ కాకపోతే, ట్రేస్‌బ్యాక్‌లో (ఆగిపోయినప్పుడు పైథాన్ చూపే ఎర్రర్ జాబితాలో) చివరి ఫైల్ పేరు చూడండి. అది సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లోది అయితే లైబ్రరీ సంగతి. ఆ లైబ్రరీ వాళ్ల దగ్గర 3.15 గురించి ఇష్యూ ఇప్పటికే తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ "నాకు కూడా" అని ఇంకో కామెంట్ వేయకుండా బొటనవేలు గుర్తు నొక్కి రండి.

లైబ్రరీ కూడా కాకపోతే కోడ్‌ను కోస్తూ పోండి. సగం తీసేయండి, ఇంకా విరుగుతోందా? ఇంకో సగం తీయండి. ఎక్సెల్ వద్దు, ఫైల్ వద్దు, డేటాను కోడ్‌లోనే రెండు లైన్లుగా పెట్టండి. చివరికి పది లైన్ల లోపు మిగలాలి. అది పాత వెర్షన్‌లో నడవాలి, బీటాలో విరగాలి. నిజం చెప్పాలంటే ఇలా కోసే దారిలోనే పదిలో తొమ్మిదిసార్లు నా తప్పే నాకు దొరుకుతుంది. అప్పుడు చప్పుడు చేయకుండా దిద్దుకుని టీ తాగడానికి పోతాను.

ఏడో అడుగు: రిపోర్ట్ రాయడం

పైథాన్ బగ్‌లు 2022 ఏప్రిల్ నుంచి గిట్‌హబ్‌లోనే ఉంటున్నాయి. పైథాన్ ఖాతా కింద సీపైథాన్ రిపాజిటరీ, అందులో ఇష్యూస్. ముందు అక్కడ వెతకండి. మూసేసిన ఇష్యూలలో కూడా వెతకండి. తర్వాతి బీటా కోసం ఈపాటికే దిద్ది ఉండవచ్చు.

ఇంగ్లీష్ గురించి టెన్షన్ పడకండి. నాలుగు పొట్టి వాక్యాలు చాలు: ఏం నడిపాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఏ వెర్షన్ దాకా బాగుంది. కింద ఆ పది లైన్ల కోడ్, పూర్తి ట్రేస్‌బ్యాక్, హైఫన్‌వీవీ చూపిన మొత్తం లైన్, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు. అన్నీ అక్షరాలుగానే అతికించండి, స్క్రీన్‌షాట్‌లు వద్దు. ఫొటోలోని కోడ్‌ను అవతలివాళ్లు నడపలేరు. తెలుగు స్ట్రింగ్ ఉంటే దాని పక్కన ఆస్కీ రూపం కూడా ఇవ్వండి. చదివే మనిషికి తెలుగు రాదు, అతని మెషిన్‌లో తెలుగు ఫాంట్ కూడా లేకపోవచ్చు. నంబర్లు మాత్రం అందరికీ ఒకటే.

అసలు డేటా ఎక్కించకండి. తక్‌పట్టీ అంటే రైతు పేరు, ఊరు, తూకం, డబ్బు. అవి దుకాణం గడప దాటకూడదు. ఉదాహరణకు "తేజ, 18 బస్తాలు" అని ఉత్తుత్తి లైన్ రాస్తే సరిపోతుంది. అలాగే మీకు దొరికింది భద్రతకు సంబంధించిన లోపమైతే బహిరంగంగా ఇష్యూ తెరవకండి. దానికి పైథాన్ భద్రతా బృందానికి విడిగా చెప్పే దారి ఉంది.

రిపోర్ట్ పెట్టాక ఎవరో ఒకరు ప్రశ్న అడుగుతారు. వారం లోపు జవాబివ్వండి. జవాబు లేని ఇష్యూ అక్కడే పడి ఉంటుంది, జులై దాటిపోతుంది.

తర్వాత

కొత్త బీటా వచ్చిన ప్రతిసారీ ఇదంతా మొదటి నుంచి చేయక్కర్లేదు. యూవీని కొత్తది చేసి, బీటాను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పోల్చే స్క్రిప్ట్ ఒకటి నడపడమే. నాకు ఇప్పుడు పావుగంట పని. గిట్‌హబ్‌లో కోడ్ ఉన్నవాళ్లు యాక్షన్స్‌లోని సెటప్-పైథాన్‌కు అలౌ-ప్రీరిలీజెస్ ట్రూ అని ఇస్తే అది కూడా తనంతట తనే జరిగిపోతుంది.

బీటా మీద మామ అసలు లెక్కలు మాత్రం ఒక్కరోజు కూడా నడపను. అక్టోబరులో అసలు వెర్షన్ వచ్చాక కూడా వెంటనే వేయను. అప్పటికి గేటు ముందు పత్తి బండ్లు నిలబడి ఉంటాయి. మొదటి దిద్దుబాటు వెర్షన్ 3.13కు 2024 డిసెంబరు మొదట్లో, 3.14కు 2025 డిసెంబరు మొదట్లో వచ్చింది. 3.15.1 వచ్చాక, ఒక ఆదివారం మార్కెట్ సెలవు చూసుకుని దుకాణం ల్యాప్‌టాప్‌లో వేస్తాను. ఈలోపు ఆ ల్యాప్‌టాప్ పాడై, కొత్తది కొని, ఎవరో పిల్లాడు తాజా పైథాన్ వేసిచ్చినా ప్రోగ్రామ్ ఆగదు. పాత బాకీల ఫైల్ తెరిచే లైన్‌లో సీపీ1252 అని జూన్‌లోనే రాసి పెట్టాను.